టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో హార్మోన్లు ఎందుకు హెచ్చుతగ్గులవుతాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. టైప్ 1 సంగతి వేరు, దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు. ఇది చదివి మాత్రల మోతాదు మాత్రం మీరే మార్చేసుకోకండి, ఆ మాట మీ డాక్టర్‌తోనే తేల్చుకోండి.

షుగర్ అంటే ఇన్సులిన్ తగ్గిపోవడమే కదా, మిగతా హార్మోన్ల గొడవ ఎందుకు?

మొదట్లో తగ్గదండీ, పెరుగుతుంది. కండరాలు, కాలేయం, కొవ్వు ఇన్సులిన్ మాట సరిగ్గా వినవు కాబట్టి పాంక్రియాస్ (క్లోమం) మామూలు కంటే ఎక్కువ ఇన్సులిన్ చేసి నెట్టుకొస్తుంది. కొన్నేళ్లకు అది అలసిపోయాకే రిపోర్టులో షుగర్ కనబడుతుంది. బ్రిటన్‌లో చాలా ఏళ్లపాటు జరిగిన యూకేపీడీఎస్ పరిశోధనలో, షుగర్ బయటపడే రోజుకే ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల సామర్థ్యం దాదాపు సగం పోయి ఉంటుందని అంచనా వేశారు. అంటే జబ్బు మనకు తెలిసేదాని కంటే చాలా ముందే మొదలైందన్నమాట.

ఇక రెండో సగం. రక్తంలో చక్కెరను దించే పని ప్రధానంగా ఇన్సులిన్ ఒక్కదానిదే, పెంచేవి మాత్రం నాలుగున్నాయి: గ్లూకగాన్, అడ్రినలిన్, కార్టిసాల్, గ్రోత్ హార్మోన్. కావడిలో ఒక పక్క ఒక్క కుండ, రెండో పక్క నాలుగు కుండలు ఉన్నట్టు. అన్నం తిన్న వెంటనే గ్లూకగాన్ తగ్గాలి, టైప్ 2 ఉన్నవాళ్లలో చాలామందికి అది తగ్గదు, కాబట్టి ఒకవైపు తిన్నదాని చక్కెర వస్తూ ఉంటే ఇంకోవైపు కాలేయం కూడా లోపల దాచిన చక్కెరను వదులుతూనే ఉంటుంది. "రెండు ఇడ్లీలే తిన్నా, 240 ఎలా వచ్చింది" అని అడిగేవాళ్లకు సగం జవాబు ఇదే.

అయితే నా ఒంట్లో ఇన్సులిన్ ఎంత ఉందో టెస్ట్ చేయించుకోవాలా?

చాలామందికి అక్కర్లేదు. ల్యాబ్ ప్యాకేజీల్లో పరగడుపు ఇన్సులిన్, హోమా-ఐఆర్ (పరగడుపు ఇన్సులిన్, షుగర్ అంకెలతో వేసే లెక్క) అని కలిపి అమ్ముతున్నారు, చూడటానికి బాగానే ఉంటుంది, కానీ ఒక ల్యాబ్ పద్ధతికీ ఇంకో ల్యాబ్ పద్ధతికీ అంకెలు కలవవు, ఆ అంకెను బట్టి వైద్యం మారేది కూడా తక్కువే. బొజ్జ ఉండి, మెడ వెనక చర్మం నల్లగా మందంగా అయి, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు ఎక్కువగా ఉంటే ఇన్సులిన్ పనిచేయడం లేదని ఆ టెస్ట్ లేకుండానే అర్థమవుతుంది.

నిజంగా పనికొచ్చే సందర్భాలు కొన్ని ఉన్నాయి. మనిషి సన్నగా ఉండి, బరువు తగ్గిపోతూ, మాత్రలకు షుగర్ లొంగకపోతే సీ-పెప్టైడ్ (ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పేది), గ్యాడ్ యాంటీబాడీలు (ఒళ్లే తన పాంక్రియాస్ మీద దాడి చేస్తోందని చెప్పేవి) చూస్తారు, ఎందుకంటే అది పెద్ద వయసులో నెమ్మదిగా మొదలైన టైప్ 1 తరహా జబ్బు కావచ్చు. బయటి నుంచి ఇన్సులిన్ ఎక్కించుకునేవాళ్లకు కూడా సీ-పెప్టైడే సరైన టెస్ట్. పాంక్రియాస్ ఇన్సులిన్‌తో సమానంగా దాన్ని వదులుతుంది, ఇంజెక్షన్ ఇన్సులిన్‌లో అది ఉండదు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో మాత్రం ఇది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

రాత్రి రెండు పుల్కాలే తిన్నాను, పొద్దున పరగడుపున 165. ఎక్కడి నుంచి వచ్చింది?

మీ కాలేయం నుంచి. తెల్లవారుజామున మూడింటి నుంచి ఎనిమిదింటి లోపల, మనం నిద్ర లేవడానికి ఒళ్లు సిద్ధమవుతూ గ్రోత్ హార్మోన్, కార్టిసాల్ పనిచేస్తాయి, కాలేయం చక్కెర వదులుతుంది. షుగర్ లేనివాళ్లలో కాస్త ఇన్సులిన్ ఊరి దాన్ని సర్దేస్తుంది. మీకు ఆ సర్దుబాటు జరగదు. కాబట్టి రాత్రి భోజనం మానేసినా పొద్దుటి అంకె మొండికేయొచ్చు, అందుకని ఉపవాసాలు పెంచుకుంటూ పోవడం దీనికి మందు కాదు.

అయితే ప్రతి పొద్దుటి అంకెకూ ఇదే కారణం అనుకోకండి. రాత్రి పదిన్నరకు భోంచేసి పడుకున్నా, మోతాదు చాలకపోయినా అలాగే వస్తుంది. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ (ఇన్సులిన్ ఎక్కువ ఊరేలా చేసే మాత్ర) గానీ వాడేవాళ్లు ఒకట్రెండు సార్లు రాత్రి మూడింటికి లేచి చూసుకుంటే, ఆ వేళ షుగర్ పడిపోతోందో పెరుగుతోందో తెలుస్తుంది. పడిపోతూ ఉంటే మోతాదు పెంచడం ప్రమాదం. పొద్దుటి ఒక్క అంకె చూసి మోతాదు పెంచేయకూడదని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

నేను సన్నగానే ఉంటాను, మా ఇంట్లో లావుగా ఉన్నవాళ్లకు లేదు. ఇదేం న్యాయం?

పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫొటో వేశారు, ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి వేసే బరువు లెక్క) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన గురించి ఇంత సూటిగా చెప్పిన బొమ్మ ఇంకోటి లేదు. చేతులూ కాళ్లూ సన్నం, కండ తక్కువ, కొవ్వంతా పొట్టలో, కాలేయంలో.

కొవ్వు కూడా హార్మోన్లు వదిలే అవయవమే. అడిపోనెక్టిన్ అనే హార్మోన్ ఇన్సులిన్ పనిని సులువు చేస్తుంది, పొట్టలో కొవ్వు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. ఆకలి చాలనే కబురు పంపే లెప్టిన్ దండిగానే ఉంటుంది, మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే మన దేశంలో బీఎంఐ 23 దాటగానే అధిక బరువు అంటారు, మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడమంటారు. బరువు యంత్రం కంటే టైలర్ టేపు నిజం చెబుతుంది, బొడ్డు దగ్గర కొలవండి, పొట్ట లోపలికి బిగించి కాదు.

ఏం తింటున్నామన్నది సరే, ఏ వరసలో తింటే ఏముంది?

తేడా ఉంది. నోటి ద్వారా తీసుకున్న గ్లూకోజ్‌కు, సెలైన్‌లో ఎక్కించిన అంతే గ్లూకోజ్ కంటే ఎక్కువ ఇన్సులిన్ విడుదలవుతుంది, కారణం పేగులు వదిలే జీఎల్‌పీ-1, జీఐపీ అనే హార్మోన్లు. టైప్ 2లో ఈ ప్రభావం బాగా తగ్గిపోతుంది. కూర, పప్పు, గుడ్డు, చేప లాంటివి ముందు తిని అన్నం ఆఖర్న తింటే జీఎల్‌పీ-1 బాగా ఊరుతుంది, తిన్నాక షుగర్ ఎగబాకడం తగ్గుతుంది. మన పద్ధతి దీనికి తలకిందులు, ముందే కంచం నిండా అన్నం, దాని మీద నంజుకోవడానికి ఇంత కూర. పూర్తిగా మార్చమని అనను, ముందు కప్పు కూర ఉత్తిదే తినేసి తర్వాత అన్నంలోకి రండి చాలు.

తిన్నాక పది పదిహేను నిమిషాల నడక గురించి ఇంకో మాట. కదిలే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే చక్కెర లాక్కోగలదు. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనివాళ్లకు ఇంత చవకైన దారి ఇంకోటి లేదు. బాగా బరువులెత్తే కసరత్తు చేసిన వెంటనే మాత్రం అడ్రినలిన్ వల్ల షుగర్ కాసేపు పెరిగినట్టు కనబడొచ్చు, దానికి భయపడి మానేయకండి.

వారానికోసారి వేసుకునే ఆ కొత్త ఇంజెక్షన్లు హార్మోన్లేనా?

హార్మోన్‌కు నకళ్లు. మన ఒంటి జీఎల్‌పీ-1 రక్తంలోకి వచ్చాక ఒకట్రెండు నిమిషాలకే సగం విరిగిపోతుంది, డీపీపీ-4 అనే ఎంజైమ్ దాన్ని ముక్కలు చేస్తుంది. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ లాంటి మాత్రలు ఆ ఎంజైమ్‌ను ఆపుతాయి. సెమాగ్లూటైడ్ లాంటివి దానికి దొరకకుండా మార్చి తయారుచేసిన నకళ్లు, వారం దాకా నిలుస్తాయి. ఈ జాతిలో మొట్టమొదటి మందు ఎక్సెనటైడ్ 2005లో అమెరికాలో వచ్చింది, అది గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో దొరికిన పదార్థం నుంచి పుట్టింది. 2025 మార్చిలో మన దేశానికి వచ్చిన టిర్జెపటైడ్ అయితే జీఎల్‌పీ-1, జీఐపీ రెంటి పనీ చేస్తుంది.

బాగా పనిచేస్తాయి, ఖరీదైనవి, ఆపేస్తే బరువు మళ్లీ వస్తుంది. వికారం, వాంతులు మొదట్లో మామూలే. కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది కాబట్టి మాంసకృత్తులు, కసరత్తు తప్పనిసరి. కడుపు ఖాళీ అవడం ఆలస్యమవుతుంది, ఏదైనా ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కు ముందే చెప్పండి. టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడూ మోతాదు పెంచినప్పుడూ గర్భనిరోధక మాత్ర సరిగ్గా పనిచేయకపోవచ్చు, ఇది చాలామందికి ఎవరూ చెప్పని విషయం.

టెన్షన్ వల్ల షుగర్ పెరుగుతుందా, లేక అది మన సాకా?

పెరుగుతుంది. కార్టిసాల్, అడ్రినలిన్ రెండూ చక్కెరను పెంచేవే. జ్వరం, పంటి చీము, ఆపరేషన్, గుండెపోటు కూడా ఒంటికి టెన్షన్‌లే, అందుకే జ్వరం వచ్చి ఏమీ తినకపోయినా 300 చూపిస్తుంది. కాకపోతే ఆఫీసు టెన్షన్‌తో పాటు వచ్చే మిర్చి బజ్జీలు, మూడు టీలు, మానేసిన నడక, వీటి వాటా ఎంతో అది కూడా లెక్కేసుకోవాలి.

మోకాలికి ఇంజెక్షన్ చేయించుకున్నాక షుగర్ ఆకాశానికెళ్లింది. ఎందుకు?

అది స్టెరాయిడ్ అయి ఉంటుంది, అంటే కార్టిసాల్‌కు దగ్గరి చుట్టం. కీలులోకి ఇచ్చినా కొంత రక్తంలో కలుస్తుంది, కొన్ని రోజులు, ఒక్కోసారి వారం దాకా షుగర్ పెంచుతుంది. చేయించుకోవద్దని కాదు, ఆ వారం రోజూ చూసుకోవాలని.

స్టెరాయిడ్ మాత్రలది ఇంకో మెలిక. ఆస్తమాకో చర్మానికో పొద్దున ప్రెడ్నిసొలోన్ వేసుకుంటే షుగర్ పెరిగేది మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. పరగడుపున చూస్తే 110 ఉంటుంది, అంతా బాగుందనుకుంటారు, మధ్యాహ్న భోజనం తర్వాత చూస్తే 350. చూడాల్సింది ఆ వేళలోనే. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో స్టెరాయిడ్లూ అదుపు తప్పిన షుగరూ కలిస్తే ఏమవుతుందో మనవాళ్లు బ్లాక్ ఫంగస్ రూపంలో చూశారు, ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది.

అసలు చిక్కు పేరు లేని మందులతో. నొప్పులకు పొట్లం కట్టి ఇచ్చే పొడులు, లేబుల్ లేని మాత్రలు, "మూడు రోజుల్లో మోకాళ్ల నొప్పి మాయం" రకం మందుల్లో కొన్నింట్లో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. నొప్పి నిజంగానే తగ్గుతుంది, అదే దాని మాయ. ముఖం గుండ్రంగా ఉబ్బడం, చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోవడం, పొట్ట మీద ఎర్రటి చారలు, ఉన్నట్టుండి షుగరూ బీపీ పెరగడం కనబడితే ఆ పొట్లం తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. వారాల తరబడి వాడి ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపకండి. మీ అడ్రినల్ గ్రంథులు పని మానేసి ఉంటాయి, ఉన్నపళంగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

నైట్ షిఫ్ట్ చేస్తాను. పగలు ఎనిమిది గంటలు పడుకుంటే సరిపోదా?

కొంత సరిపోతుంది, పూర్తిగా కాదు. రాత్రి మెలటోనిన్ పెరిగి ఉన్న వేళ ఇన్సులిన్ తక్కువ ఊరుతుంది, కాబట్టి అదే బిర్యానీ మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్నదానికంటే రాత్రి ఒంటిగంటకు తింటే షుగర్ ఎక్కువ పెరుగుతుంది. హైదరాబాద్‌లో అమెరికా వేళలకు పనిచేసేవాళ్లందరికీ ఇది రోజూ జరిగేదే. షిఫ్ట్ మార్చుకోలేకపోతే పెద్ద భోజనం షిఫ్ట్‌కు ముందే ముగించి, అర్ధరాత్రి తేలికగా కానివ్వండి.

నిద్ర తక్కువైతే గ్రెలిన్ పెరిగి ఆకలి వేస్తుంది, లెప్టిన్ తగ్గి తిన్నా తృప్తి ఉండదు. వారం రోజులు నిద్ర తగ్గించి చూస్తే ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లలో కూడా ఇన్సులిన్ పనితీరు మందగించింది. గట్టిగా గురక పెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడేవాళ్లకు స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించాలి. ఆ సంగతి పడుకున్నవాళ్లకు తెలియదు, పక్కన పడుకున్నవాళ్లను అడగాలి.

మగవాళ్లలో టెస్టోస్టిరాన్ తగ్గుతుందా? అడగడానికి మొహమాటంగా ఉంది.

అడగండి, మొహమాటపడే విషయం కాదు. టైప్ 2 ఉన్న మగవాళ్లలో ఇది చాలా మామూలు. పొట్ట కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది, మెదడు నుంచి వృషణాలకు వెళ్లే సంకేతం బలహీనపడుతుంది, స్లీప్ ఆప్నియా ఉంటే ఇంకాస్త తగ్గుతుంది, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు ఎక్కువ కాలం వాడినా తగ్గుతుంది.

కానీ రిపోర్ట్ చదవడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఈ హార్మోన్ పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ, తిన్నాక కూడా తగ్గుతుంది. ఆఫీసు అయ్యాక సాయంత్రం ఆరింటికి శాంపిల్ ఇచ్చి "లో" అని వస్తే అది లెక్కలోకి రాదు. పరగడుపున, ఉదయం పదింటి లోపల, అదీ రెండు వేర్వేరు రోజుల్లో తక్కువ వస్తేనే తక్కువని అంటారు, జ్వరంలో ఉన్నప్పుడు చేయించకూడదు. ఇంకోటి, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనివాళ్లలో టెస్టోస్టిరాన్‌ను మోసే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ తగ్గుతుంది, దాంతో మొత్తం అంకె తక్కువగా కనబడినా విడిగా పనికొచ్చే భాగం సరిగ్గానే ఉండొచ్చు.

తక్కువైతే వెంటనే ఇంజెక్షన్లు కాదు. బరువు తగ్గితే చాలామందిలో దానంతటదే పెరుగుతుంది. బయటి నుంచి టెస్టోస్టిరాన్ తీసుకుంటే వీర్యకణాల తయారీ పడిపోతుంది, పిల్లలు కావాలనుకునేవాళ్లు దీని జోలికి పోకూడదు, జిమ్ పక్కన దొరికేవాటి జోలికి అసలే పోకూడదు. అంగస్తంభన సమస్య అన్నిసార్లూ హార్మోన్ వల్లే కాదు, షుగర్‌తో రక్తనాళాలూ నరాలూ దెబ్బతినడం వల్లే ఎక్కువ. గుండె రక్తనాళాల జబ్బుకు అది ముందస్తు హెచ్చరిక కూడా కావచ్చు కాబట్టి టీవీలో చూపించే మాత్ర కొనేముందు డాక్టర్‌కు చూపించుకోండి.

ఆడవాళ్ల సంగతేంటి?

పీసీఓఎస్ అనే అండాశయాల సమస్యలో రక్తంలో ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాలను తొందరపెట్టి మగ హార్మోన్లను పెంచుతుంది, ఎస్‌హెచ్‌బీజీని తగ్గిస్తుంది, దాంతో నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు. గమనించండి, టెస్టోస్టిరాన్ మగవాళ్లలో తక్కువైతే, ఆడవాళ్లలో ఎక్కువైతే షుగర్‌తో ముడిపడి ఉంటుంది.

నెలసరికి ముందు వారం కొందరికి షుగర్ పెరుగుతుంది, ప్రొజెస్టిరాన్ ప్రభావం. ప్రతి నెలా అలాగే జరుగుతుంటే తేదీలతో రాసిపెట్టుకుని చూపించండి. గర్భంలో మాయ వదిలే హార్మోన్లు ఇన్సులిన్‌ను అడ్డుకుంటాయి. పరగడుపుతో పనిలేకుండా 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూసే టెస్ట్‌లో 140 వచ్చినా దాటినా గర్భంలో షుగర్ అంటారు. కాన్పయ్యాక మాయతో పాటు అదీ పోతుంది, అందుకే అందరూ మర్చిపోతారు. కాన్పయిన ఆరు వారాలకు ఒకసారి, తర్వాత కనీసం మూడేళ్లకోసారైనా చూపించుకోవాలి, తర్వాతి కాలంలో టైప్ 2 వచ్చే అవకాశం వాళ్లలో బాగా ఎక్కువ.

నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజన్ తగ్గి కొవ్వు తుంటి నుంచి పొట్టకు చేరుతుంది. ఆ వయసు ఆవిర్లూ చెమటలూ గుండెదడా, లో షుగర్ లక్షణాలూ ఒకేలా ఉంటాయి. చక్కెర నోట్లో వేసుకునే ముందు, వీలుంటే, గ్లూకోమీటర్‌తో చూడండి.

థైరాయిడ్ కూడా ఉంది. రెండూ ఒకదాన్నొకటి పాడుచేస్తాయా?

థైరాయిడ్ ఎక్కువైతే షుగర్ పెరుగుతుంది. తక్కువైతే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, ఇన్సులిన్ వాడేవాళ్లకు లో షుగర్ రావచ్చు. చికిత్స లేని హైపోథైరాయిడ్‌లో మూడు నెలల సగటు, అదే హెచ్‌బీఏ1సీ, ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్నా అంతే, మన ఆడవాళ్లలో అదెంత మామూలో తెలిసిందే. ఇంట్లో అంకెలకూ హెచ్‌బీఏ1సీకీ పొంతన లేకపోతే ఈ రెండూ చూడమని అడగండి. థైరాయిడ్ మాత్ర పరగడుపున, కాఫీకి అరగంట నుంచి గంట ముందు. ఐరన్, కాల్షియం మాత్రలు నాలుగు గంటలు ఎడంగా.

గ్యాస్ మాత్రకూ హార్మోన్లకూ సంబంధం ఉందా?

కొన్నింటికి ఉంది. షుగర్ వల్ల పొట్ట మందగించినవాళ్లకు గ్యాస్ మాత్రలో లెవోసల్పిరైడ్ లేదా డోంపెరిడోన్ కలిపి ఇస్తారు. ఇవి పాలు ఊరేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచుతాయి. నెలసరి ఆగడం, రొమ్ముల నుంచి పాలు, మగవాళ్లలో కోరిక తగ్గడం దాంతో రావచ్చు. కొన్ని వారాలకని రాసిన మాత్రను మందుల షాపులో అదే చీటీతో ఏళ్ల తరబడి కొనేవాళ్లు ఎంతమందో. ప్రొలాక్టిన్ ఎక్కువొస్తే మెదడు స్కానింగ్‌కు పరిగెత్తే ముందు స్ట్రిప్ వెనక పేర్లు చదవాలి.

నాకు ఈ మధ్య లో షుగర్ వచ్చినా తెలియడం లేదు. మంచిదేగా?

కాదు, ప్రమాదం. వణుకు, చెమట, దడ ఇవన్నీ అడ్రినలిన్ వేసే కేకలు. మాటిమాటికీ లో అవుతుంటే ఆ కేక మొద్దుబారిపోతుంది, నరాలు దెబ్బతిన్నా, బీపీకి బీటా బ్లాకర్ వాడుతున్నా సరిగ్గా వినబడదు. కొన్ని వారాలు లో రాకుండా చూసుకుంటే చాలామందికి మళ్లీ తెలియడం మొదలవుతుంది, అందుకు మోతాదు తగ్గించాల్సి రావచ్చు. 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర, పావుగంటాగి మళ్లీ టెస్ట్. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మందుల్లో వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉంటే మామూలు చక్కెర ఆలస్యంగా పనిచేస్తుంది, గ్లూకోజ్ పొడి దగ్గర పెట్టుకోండి. ఖాళీ కడుపున మద్యం తాగితే కాలేయం చక్కెర తయారుచేయడం ఆపేస్తుంది, గ్లిమెపిరైడ్‌తో అది కలిస్తే రాత్రి నిద్రలోనే లో అయ్యే ప్రమాదం ఉంది.

ఇవన్నీ మళ్లీ మామూలవుతాయా?

కొందరిలో చాలావరకు అవుతాయి. 2017లో వెలువడిన డైరెక్ట్ అనే బ్రిటిష్ పరిశోధనలో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడనివాళ్లకు కొన్ని నెలలపాటు రోజుకు దాదాపు 850 కేలరీల ఆహారమిచ్చారు. ఏడాదికి 46 శాతం మంది మందులు లేకుండా షుగర్ లేని స్థాయికి వచ్చారు, 15 కిలోలు ఆపైన తగ్గినవాళ్లలో అయితే 86 శాతం. కాలేయం, పాంక్రియాస్‌లలో కొవ్వు తగ్గి ఇన్సులిన్ ఊరడం మెరుగుపడింది. పదిహేనేళ్ల పాత షుగర్‌కు ఇదే ఫలితం వస్తుందని ఆశపెట్టలేం, సన్నగా ఉన్నవాళ్లు పదిహేను కిలోలు తగ్గాల్సిన పనీ లేదు. గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడుతూ సొంతంగా అంత తక్కువ తినడం మొదలుపెట్టకండి, లో అయిపోతారు.

హార్మోన్ టెస్ట్‌కు వెళ్లే ముందు ఏం చూసుకోవాలి?

జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్ర రెండుమూడు రోజుల ముందే ఆపండి, లేకపోతే కొన్ని యంత్రాల్లో థైరాయిడ్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. టెస్టోస్టిరాన్, కార్టిసాల్ లాంటివి ఉదయమే ఇవ్వాలి. నైట్ షిఫ్ట్ వాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే వాళ్ల "ఉదయం" వేరు. ఆడవాళ్లు నెలసరి ఎన్నో రోజో చీటీ మీద రాయించాలి. గత మూడు నెలల్లో తీసుకున్న కీళ్ల ఇంజెక్షన్లు, చర్మానికి పూసే క్రీములు, ఆస్తమా పంపు, పొడులు, జిమ్ డబ్బాలు అన్నీ చెప్పండి. చెప్పడం కష్టమైతే ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లి డాక్టర్ బల్ల మీద పెట్టేయండి.